ఇంట గెలిచిన రెక్కలు

విమానయాన సంస్థ బతకాలంటే సరిహద్దు దాటి తీరాలా? దాటినవాళ్లలోనూ మూతపడ్డవాళ్లున్నారు, దాటనివాళ్లలోనూ ఉన్నారు. మరి నిలబడ్డవాళ్లు ఎందుకు నిలబడ్డారు?

రాత్రి రెండు గంటల వేళ శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ ముందు రెండు రకాల వీడ్కోళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి తుఫాన్ బండ్లలో వచ్చినవాళ్లు. తాడుతో బిగించిన అట్టపెట్టె మీద మార్కర్‌తో పేరు, ఊరు, గల్ఫ్‌లో ఉన్న బావమరిది ఫోన్ నంబరు. లోపల కారప్పొడి, మామిడికాయ తొక్కు, సకినాలు. మరోవైపు అమెరికా చదువుకు వెళ్తున్న పిల్లలు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని చేత్తో లేపి చూస్తున్న తండ్రి, ఆవకాయ సీసాను చేతి సంచిలోకి మార్చొద్దని వారిస్తున్న తల్లి. వెళ్లే దేశాలు వేరు, పెట్టే ఖర్చు వేరు. బోర్డింగ్ పాస్ మీద ముద్ర మాత్రం చాలామందికి పరాయి దేశపు కంపెనీదే. దుబాయ్, అబుదాబి, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా తెలుగువాళ్లను ప్రపంచమంతా తిప్పుతున్నది ఎక్కువగా ఆ దేశాల విమానాలే.

ఆ విమానాలు బాగుంటాయి, వేళకు వస్తాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వాటిని ఎక్కినవాళ్లను తప్పుపట్టేదేమీ లేదు. కానీ అదే కాలంలో మన దేశంలో పుట్టిన విమాన సంస్థల జాబితా చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఈస్ట్ వెస్ట్, దమానియా, మోడీలుఫ్త్, సహారా, దక్కన్, పారమౌంట్, కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా వేల ఉద్యోగాలు పోయాయి, జీతం బకాయిలు మిగిలాయి, ముందే టికెట్ కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది. ప్రతిసారీ ఒక వాదన వినిపించింది: సొంత దేశంలో పోటీకి టికెట్ ధరలు పాతాళానికి పడిపోతాయి, లాభం ఉన్నది విదేశీ రూట్లలోనే, కాబట్టి బయటికి వెళ్లని కంపెనీ బతకదు.

ఈ వాదన సగమే నిజం. ఇంట్లో నష్టపోతున్న కంపెనీని విదేశీ రూట్లు కాపాడిన దాఖలాలు వెతికినా దొరకడం కష్టం. ఇంట్లో బతకడం నేర్చుకున్న కంపెనీకి మాత్రం ఒక దశ తర్వాత సరిహద్దు దాటక తప్పదు. ఈ వరస తిరగబడ్డ చోట కంపెనీలు కూలాయి. వరస కుదిరినా గడప దాటని చోట మన ప్రయాణికులు పరాయి విమానం ఎక్కారు.

ఒక విమానం, 24 గంటలు

దూరం నుంచి చూస్తే ఇది కంపెనీ అధిపతుల ఆశల వ్యవహారంలా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే గంటల లెక్క.

ఒక ఎయిర్‌బస్ ఏ321 నియో హైదరాబాద్ కేంద్రంగా తిరుగుతోందనుకుందాం. 220కి పైగా సీట్లు. తెల్లవారుజామున ఢిల్లీ వెళ్లి వస్తుంది. మధ్యాహ్నం విశాఖ, సాయంత్రం బెంగళూరు. రాత్రి పదిన్నరకు చివరి ప్రయాణికుడు దిగిపోతాడు. అర్ధరాత్రి ఒంటిగంటకు విశాఖ వెళ్లాలని ఎవరూ అనుకోరు కాబట్టి అది తెల్లారేదాకా పార్కింగ్‌లో నిలబడాలి. కిస్తీల మీద లారీ తెచ్చుకున్న యజమానికి ఈ బాధ బాగా తెలుసు. బండి కదలకపోయినా నెల తిరిగేసరికి కిస్తీ కట్టాల్సిందే. విమానానికి ఆ కిస్తీ లీజు అద్దె, అదీ డాలర్లలో.

అదే విమానం రాత్రి పదకొండున్నరకు దుబాయ్ బయలుదేరిందనుకోండి. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అక్కడ గంటసేపు ఆగి, మళ్లీ మనుషులను నింపుకొని, ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో శంషాబాద్‌లో దిగుతుంది. ఢిల్లీ ట్రిప్పు కొంచెం వెనక్కి జరుగుతుందే గానీ పోదు. ఖాళీగా నిలబడాల్సిన రాత్రి గంటలు సంపాదన గంటలయ్యాయి. గల్ఫ్ ప్రయాణికుడు అర్ధరాత్రి ఎక్కడానికి వెనకాడడు. డ్యూటీలో చేరే తేదీ ముఖ్యం గానీ వేళ కాదు.

రెండో లాభం డబ్బు రకంలో ఉంది. మన ఎయిర్‌లైన్స్ ఆదాయంలో అధిక భాగం రూపాయల్లో వస్తుంది. లీజు అద్దె, ఇంజిన్ మరమ్మతులు, విడిభాగాలు, బీమా డాలర్లలో పోతాయి. ఇంధనం ధర కూడా అంతర్జాతీయ మార్కెట్‌నే అనుసరిస్తుంది. ఇండిగో మొదటిసారి దేశం దాటిన 2011లో డాలరు దాదాపు 45 రూపాయలు. 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే ఒక్క రూపాయి టికెట్ ధర పెంచకుండా, ఒక్క సీటు ఖాళీ లేకుండా నడిపినా, కంపెనీ తన ప్రమేయం లేకుండానే నష్టపోవచ్చు. దుబాయ్‌లో అమ్మే టికెట్‌కు వచ్చేది దిర్హం. దాని విలువ డాలరుతో ముడిపడి ఉంటుంది. అలా వచ్చిన డబ్బు నేరుగా డాలరు ఖర్చుకు సరిపోతుంది.

మూడోది పన్ను. దేశంలో తిరిగే విమానం ఇంధనం కొన్నప్పుడల్లా రాష్ట్రానికి వ్యాట్ కట్టాలి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు. కొన్నిచోట్ల 1 శాతం, కొన్నిచోట్ల 25 శాతానికి పైన. విదేశీ సర్వీసు కోసం నింపే ఇంధనాన్ని చట్టం ఎగుమతిగా చూస్తుంది, ఈ భారం ఉండదు. ఎయిర్‌లైన్ ఖర్చులో ఇంధనమే మూడో వంతు దాకా ఉంటుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఇంత లాభం కనిపిస్తుంటే అందరూ ఎందుకు వెళ్లి బతకలేదు? ఎందుకంటే పైన చెప్పిన విదేశం నాలుగైదు గంటల విదేశం. దేశంలో తిరిగే విమానమే, అదే పైలట్లు, అదే ఇంజినీర్లు చాలు. దుబాయ్, మస్కట్, కొలంబో, సింగపూర్, బ్యాంకాక్ మన ఆర్థిక లెక్కలో ఇంటికి ఆనుకుని ఉన్న వసారాలే. లండన్, న్యూయార్క్ సంగతి వేరు. అక్కడికి వైడ్‌బాడీలు, అంటే రెండు నడవల పెద్ద విమానాలు కావాలి, బిజినెస్ క్లాసు కావాలి, వేరే శిక్షణ పొందిన సిబ్బంది కావాలి, రోజూ మూడు వందల సీట్లు నింపడానికి పది ఊళ్ల నుంచి వచ్చి కలిసే ఫ్లయిట్లు కావాలి. ఈ రెండు విదేశాలనూ ఒకే గాటన కట్టడం వల్లే చర్చ దారి తప్పుతోంది. మన దగ్గర కూలిన పెద్ద కంపెనీలు కింగ్‌ఫిషర్, జెట్ రెండూ దూరపు విదేశం మీద ఆశపడ్డవే.

మన గడప మీద ఆగిపోయినవి

ముందు గడప దాటని వాటి సంగతి. తెలుగు నేల మీద విమాన సంస్థలు కొత్త కాదు. నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. 1953లో దేశీయ సంస్థలన్నిటినీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత దశాబ్దాలకు గానీ మన దగ్గర మళ్లీ సొంత విమానం లేవలేదు.

2013 అక్టోబరులో విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా మొదలైంది. బ్రెజిల్‌లో తయారయ్యే ఎంబ్రాయర్ జెట్లు. మధ్య సీటు ఉండదు, అటు రెండు ఇటు రెండు. గన్నవరం నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వెళ్లడానికి అప్పటిదాకా రైలు రిజర్వేషన్ కోసం ఎదురుచూసిన వ్యాపారులకు, డాక్టర్లకు అది పెద్ద ఊరట. తర్వాతి ఏడాది సింగపూర్ ఎయిర్‌షోలో ఆ కంపెనీ 50 కొత్త ఎంబ్రాయర్లకు ఆర్డరు పెట్టింది. జాబితా ధర ప్రకారం దాని విలువ 294 కోట్ల డాలర్లు. నడుస్తున్న విమానాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. లీజు బకాయిల గొడవలు ముదిరి 2017 ఫిబ్రవరి ఆఖరున సర్వీసులు ఆగిపోయాయి.

హైదరాబాద్ నుంచి 2015 జులైలో ట్రూజెట్ ఎగిరింది. ఏటీఆర్ విమానాలు. కడప, నాందేడ్, బళ్లారి దగ్గరి విద్యానగర్ లాంటి ఊళ్లను, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో హైదరాబాద్‌తో కలిపింది. పెద్ద కంపెనీలు తొంగిచూడని చోట్లకు ధైర్యంగా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది.

ఇవి విదేశాలకు వెళ్లనందుకే మూతపడ్డాయా? వెళ్లే హక్కు వాటికి లేదు. ఆ హక్కు ఇవ్వని నిబంధన సంగతి కింద వస్తుంది. కానీ హక్కు ఉన్నా బతికేవని నేను అనుకోను. నాలుగు విమానాల కంపెనీలో ఒకటి మరమ్మతుకు వెళ్తే పావు వంతు వ్యాపారం ఆగిపోతుంది. దేశంలో ఆ రకం జెట్లు నడిపే మరో ఎయిర్‌లైన్ అప్పుడు లేదు, కాబట్టి విడిభాగం అరువు తెచ్చుకునే చోటు కూడా లేదు. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని కొలంబోకు పంపితే ఇంట్లో షెడ్యూలు ఇంకా పల్చబడేది. రోజుకు ఒక్క ఫ్లయిట్ ఉన్న రూటును వ్యాపారి నమ్మడు. ఉదయం వెళ్లి సాయంత్రం రాగలిగితేనే నమ్ముతాడు. ఆ రెండు కంపెనీలకూ ముందు కావలసింది ఇంట్లో ఇంకో పది విమానాలు, వాటిని నడిపేంత ఓపిక గల పెట్టుబడి. మంచి ఆలోచన, మంచి రూట్లు, అంకితభావం గల సిబ్బంది ఉండి కూడా అవి పోవడం తెలుగు ప్రాంతానికి నిజమైన నష్టం.

ఐదేళ్లు, ఇరవై విమానాలు

2004 చివర్లో కేంద్రం ఒక నిబంధన పెట్టింది. దేశంలో ఐదేళ్లు నడిచి, కనీసం 20 విమానాలు ఉన్న సంస్థకే విదేశాలకు వెళ్లే అనుమతి. వ్యవహారంలో దాన్ని 5/20 అన్నారు. ముందు ఇంట్లో నిరూపించుకోండి అన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అది మనవాళ్లకే వర్తించింది. 2009లో ఎగరడం మొదలుపెట్టిన ఫ్లైదుబాయ్ ఐదేళ్లు నిండకముందే దుబాయ్ నుంచి మన నగరాలకు ఎగిరింది. అదే వయసున్న మన కంపెనీ మన నగరం నుంచి దుబాయ్‌కు ఎగరడానికి వీల్లేదు. ఇంతకన్నా అన్యాయమైన నిబంధన మన విమానయానంలో మరొకటి నాకు కనిపించదు.

దాని అసలు హాని వేరేచోట జరిగింది. కంపెనీలకు అది అడ్డదారులు నేర్పింది. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్‌కు లండన్ వెళ్లాలని తొందర. ఐదేళ్లు ఆగాలి. కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ దక్కన్ అప్పటికే 2003 నుంచి నడుస్తోంది, దాని ఐదేళ్లు 2008లోనే నిండుతాయి. 2007లో కింగ్‌ఫిషర్ దక్కన్‌లో వాటా కొని, ఆపై మొత్తం కలిపేసుకుంది. దక్కన్ సామాన్యుడి విమానం, టికెట్ ధరే దాని ప్రాణం. కింగ్‌ఫిషర్ హంగుల విమానం, భోజనం నుంచి వినోదం దాకా అన్నీ ఖరీదే. ఈ రెంటినీ కలిపినప్పుడు చౌక కోసం వచ్చేవాళ్లు పోయారు, ఖర్చు మాత్రం మిగిలింది. 2008 సెప్టెంబరు 3న బెంగళూరు నుంచి లండన్‌కు తొలి విమానం లేచింది. ఆ జులైలోనే ముడిచమురు పీపా 147 డాలర్లు తాకింది. సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలి ప్రపంచమంతా మాంద్యం కమ్ముకుంది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ నేల మీదికి దిగింది, మళ్లీ లేవలేదు. ఆ సంస్థ ఏ ఒక్క ఏడాదీ లాభం చూడలేదు. ఇంట్లో ఎన్నడూ గెలవని సంస్థకు లండన్ రూటు బరువే అయింది.

జెట్ ఎయిర్‌వేస్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1993 నుంచి అది దేశంలో గెలిచిన సంస్థ. వేళ పాటించేది, మర్యాదగా చూసుకునేది. సర్కారీ విమానాలకు అలవాటుపడ్డ దేశానికి సేవ అంటే ఏమిటో చూపించింది. 2004లో కొలంబో వెళ్లింది, 2005లో లండన్. అంతవరకు అడుగులు సరిగ్గానే పడ్డాయి. 2007లో ఒకేసారి రెండు బరువులు ఎత్తుకుంది. 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొన్నది, బ్రసెల్స్‌ను విదేశీ కేంద్రంగా చేసుకుని అమెరికా దాకా పెద్ద విమానాలు నడిపింది. ఇంట్లో అదే సమయంలో ఇండిగో ఒకే రకం విమానంతో, తక్కువ ఖర్చుతో పక్కనే పెరుగుతోంది. జెట్ చూపు బయట ఉంది. తెచ్చిన పెద్ద బోయింగ్‌లలో కొన్నిటిని వేరే దేశాల సంస్థలకు అద్దెకు ఇవ్వాల్సి వచ్చింది. 2013లో అబుదాబికి చెందిన ఎతిహాద్ 24 శాతం వాటా కొన్నది. ఆ తర్వాత జెట్ విమానాలు మన నగరాల నుంచి జనాన్ని అబుదాబికి చేరవేసే పనిలో పడ్డాయి. 2019 ఏప్రిల్ 17న ఆఖరి ఫ్లయిట్. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని ఆదేశించింది.

2006 ఆగస్టులో మొదలైన ఇండిగో మాత్రం 5/20 కాలాన్ని ఇంట్లోనే గడిపింది. తొలి విదేశీ విమానం 2011 సెప్టెంబరు 1న ఢిల్లీ నుంచి దుబాయ్‌కు వెళ్లింది. అప్పటికే అది లాభాల్లో ఉంది. అంటే నిబంధన మంచిదని కాదు, ఆ కంపెనీ ఎదురుచూపును వృథా చేసుకోలేదని. విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉన్నప్పుడు, 2016 జూన్‌లో, ఐదేళ్ల షరతు తొలగించారు. ఇరవై విమానాల షరతు అలాగే ఉంది.

ప్రపంచమంతా ఉండి, ఇల్లు లేక

ఇంటికి ఎంత విలువో చెప్పడానికి పాన్ అమెరికన్‌ను మించిన సాక్ష్యం లేదు. 1927లో ఫ్లోరిడా నుంచి హవానాకు తపాలా మోసిన ఆ సంస్థ, అమెరికా అంటే విదేశాల్లో తానే అన్నంతగా ఎదిగింది. కానీ అమెరికాలో ఒక ఊరి నుంచి మరో ఊరికి జనాన్ని తీసుకెళ్లే హక్కు ప్రభుత్వం దానికి ఇవ్వలేదు. 1978లో నియంత్రణలు ఎత్తేసేసరికి దేశంలో తిరిగే కంపెనీలన్నీ తమ సొంత ప్రయాణికులను తామే విదేశాలకు తీసుకెళ్లడం మొదలుపెట్టాయి. పాన్ యామ్‌కు చికాగో ప్రయాణికుణ్ని న్యూయార్క్ తెచ్చిపెట్టేవాళ్లు లేకుండా పోయారు. హడావుడిగా 1980లో నేషనల్ ఎయిర్‌లైన్స్‌ను కొని ఇల్లు కట్టుకోబోయింది. ధర ఎక్కువైంది, విమానాలు కలవలేదు, సిబ్బంది కలవలేదు. 1985లో పసిఫిక్ రూట్లను 75 కోట్ల డాలర్లకు యునైటెడ్‌కు అమ్ముకుంది. 1988లో లాకర్బీ మీద జరిగిన బాంబు దాడిలో 270 ప్రాణాలు పోయాయి. 1991 డిసెంబరు 4న పాన్ యామ్ ముగిసింది.

విదేశాల్లో ఇల్లు కొనుక్కుందామన్నవాళ్లూ ఉన్నారు. చిన్న దేశపు స్విస్‌ఎయిర్ తొంభైల్లో చుట్టుపక్కల దేశాల నష్టాల కంపెనీల్లో వాటాలు కొని 2001 అక్టోబరులో నగదు నిండుకుని ఆగిపోయింది. పదేళ్ల తర్వాత ఎతిహాద్ అదే దారి పట్టింది. ఎయిర్ బెర్లిన్, అలిటాలియా, మన జెట్. మూడూ ఇప్పుడు లేవు. ఎతిహాద్ నిలిచింది, దాని వెనుక అబుదాబి ప్రభుత్వం ఉంది కాబట్టి.

మరి సింగపూర్, దుబాయ్? వాటికి దేశీయ మార్కెట్ అన్నదే లేదు కదా. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1972లో మలేసియాతో విడిపోయినప్పుడు లోపల ఎగరడానికి ఒక్క రూటు కూడా లేదు. ఎమిరేట్స్ 1985 అక్టోబరులో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ నుంచి అద్దెకు తెచ్చిన రెండు విమానాలతో కరాచీ, బొంబాయి, ఢిల్లీలకు మొదలైంది. ఇవి బతకాలంటే బయటికి వెళ్లడం తప్ప దారి లేదు, వెళ్లి గెలిచాయి. గెలిచిన పద్ధతి చూస్తే అవి కూడా ఇల్లు కట్టుకున్నాకే గెలిచాయని అర్థమవుతుంది. హైదరాబాద్‌వాణ్ని, కొచ్చివాణ్ని, ఢాకావాణ్ని ఒకే వేళకు ఒకేచోట దించి, రెండు గంటల్లో న్యూయార్క్‌కు, లండన్‌కు సర్ది పంపే విమానాశ్రయమే వాటి ఇల్లు. ఆ ఇంటి పునాదిలో పెద్ద భాగం మన జనమే. భారత్, దుబాయ్ మధ్య వారానికి ఒక్కో వైపు సంస్థలకు 66,504 సీట్ల పరిమితి ఉంది. 2014 నుంచి అది మారలేదు. దుబాయ్ పెంచమంటోంది, ఢిల్లీ ఒప్పుకోవడం లేదు. ఆ సీట్లలో వెళ్లేవాళ్లలో దుబాయ్‌లో ఆగకుండా ముందుకు పోయేవాళ్లు ఎందరో ఉంటారు కాబట్టే ఈ పట్టుదల.

ఇల్లు లేకపోవడం ఎంత ప్రమాదమో కోవిడ్ చూపించింది. 2020 మార్చిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సర్వీసుల్లో 96 శాతం ఆపేసింది. వాటాదారుల నుంచి ఆ ఏడాదే 880 కోట్ల సింగపూర్ డాలర్లు తెచ్చుకుని ఊపిరి నిలబెట్టుకుంది. సర్కారీ పెట్టుబడి సంస్థ తెమాసెక్ అండ లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. మన దేశంలో 2020 మే 25 నాటికి దేశీయ విమానాలు మళ్లీ లేచాయి. షెడ్యూలు ప్రకారం విదేశీ సర్వీసులు మొదలైంది 2022 మార్చి 27న. ఆ 22 నెలలూ మన కంపెనీలకు కాస్త గంజి పోసింది విశాఖ, పట్నా, గువాహటి రూట్లే. ఇంటి విలువ తెలుసు కనుకే సింగపూర్ సంస్థ టాటాలతో కలిసి విస్తారా పెట్టింది. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిశాక 25.1 శాతం వాటాతో అందులో కొనసాగుతోంది. మన దేశం లోపల ఎగిరే హక్కు పరాయి సంస్థకు ఉండదు. 1944 నాటి చికాగో ఒప్పందం నుంచి ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలూ పాటిస్తున్న పద్ధతి ఇది. మన ఎయిర్‌లైన్స్‌కు దేవుడిచ్చిన కోట ఏదన్నా ఉందంటే ఇదే.

ఇంట్లోనే ఉండి వెలిగినవాళ్ల సంగతి ఒక్క మాటలో. టెక్సస్‌లో 1971లో మొదలైన సౌత్‌వెస్ట్ 43 ఏళ్ల పాటు అమెరికా దాటలేదు. డబ్బు చాలక నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుని, మిగిలిన మూడింటితోనే షెడ్యూలు నడపడానికి పది నిమిషాల్లో జనాన్ని దించి ఎక్కించడం నేర్చుకుంది. 1973 నుంచి 2019 దాకా 47 ఏళ్లు వరుసగా లాభాలు. 2014లో కరీబియన్ దీవులకు వెళ్లింది, అదీ వసారా దాకానే. అయితే ఆ దేశం మనలాంటిది కాదు. అక్కడ ఖర్చూ డాలరే, రాబడీ డాలరే. రూపాయి జారుడు అనే జబ్బు దానికి లేదు. సౌత్‌వెస్ట్‌ను చూపించి మనవాళ్లను ఇంట్లోనే ఉండమనడం అందుకే కుదరదు.

ఇప్పుడు మన వంతు

2024-25లో ఇండిగో లాభం 7,258 కోట్ల రూపాయలు. దేశంలో ప్రతి ముగ్గురు విమాన ప్రయాణికుల్లో దాదాపు ఇద్దరు దానిలోనే ఎక్కుతున్నారు. ఇంట ఇంకా పెరగడానికి చోటు తగ్గుతోంది, రూపాయి దిగజారుతోంది. 60 ఎయిర్‌బస్ ఏ350లకు ఆర్డరు పెట్టింది. అవి వచ్చేలోగా నార్వేకు చెందిన నోర్స్ నుంచి బోయింగ్ 787లు అద్దెకు తెచ్చి 2025 జులైలో ముంబయి నుంచి మాంచెస్టర్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు మొదలుపెట్టింది. వసారా దాటి వీధిలోకి అడుగుపెట్టింది. సరైన వయసులోనే పెట్టిందని నా నమ్మకం.

అదే ఏడాది డిసెంబరు మొదటి వారంలో ఇంటి కప్పు కదిలింది. పైలట్ల అలసట తగ్గించడానికి తెచ్చిన కొత్త నిబంధనల ప్రకారం వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. దానికి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడంతో వేల సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లో అయ్యప్ప మాలధారులు గేటు దగ్గర బైఠాయించారు. పెళ్లిళ్లు, ఇంటర్వ్యూలు, ఆపరేషన్లు తప్పిపోయినవాళ్లెందరో. రాత్రి ఖాళీగా నిలబడే విమానాన్ని గల్ఫ్ పంపే లెక్క ఎంత బాగున్నా, దాన్ని నడిపే మనిషికి నిద్ర కావాలి. విమానాల ఆర్డర్లు పెరిగినంత వేగంగా పైలట్లు పెరగాలి. ఆ బాధ్యత తప్పితే లండన్ సంగతి దేవుడెరుగు, లక్నో కూడా చేరలేం.

దూరపు విదేశం ఎంత కష్టమో ఎయిరిండియా రోజూ అనుభవిస్తోంది. 1948లోనే బొంబాయి నుంచి లండన్ వెళ్లిన సంస్థ. దశాబ్దాల సర్కారీ నిర్లక్ష్యం తర్వాత 2022 జనవరిలో టాటాల చేతికి తిరిగొచ్చింది. 2023లో 470 విమానాలకు ఆర్డరు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేయడంతో యూరప్, అమెరికా ఫ్లయిట్లు చుట్టుతిరిగి పోవాల్సి వచ్చింది. కొన్ని మధ్యలో ఇంధనం కోసం ఆగాయి. ఏడాది పొడుగునా అలాగే ఉంటే 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఆ సంస్థ అంచనా. జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలి లోపలున్న 242 మందిలో 241 మంది చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖం ముందు ఏ వ్యాపార లెక్కా నిలవదు. అయినా ఈ సంస్థ దూరపు రూట్లు వదులుకుంటే మన జెండాతో అట్లాంటిక్ దాటే విమానం దాదాపు ఉండదు. అందుకే అది నిలబడాలని కోరుకుంటాను.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో నేరుగా పని ఉంది. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిరిండియా నేరు ఫ్లయిట్ మొదలైంది, ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఖాళీలోకి 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, 2025 సెప్టెంబరులో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చాయి. హైదరాబాద్‌కు డిమాండ్ ఉందని వాళ్లు గుర్తించారు. విజయవాడ నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేస్తానంటే ఇండిగో నడిపింది. భర్తీ ఆగాక 2019లో సర్వీసూ ఆగింది. 2025 నవంబరులో మళ్లీ మొదలైంది. ప్రభుత్వం డబ్బు ఇస్తేనే లేచే విమానం డబ్బు ఆగిన రోజే దిగుతుంది. లోటు భర్తీకి పెట్టే డబ్బును గన్నవరం, రాజమహేంద్రవరం, తిరుపతి, కడప నుంచి శంషాబాద్‌కు వచ్చే ఫ్లయిట్ల మీద పెడితే ఫలితం నిలుస్తుంది.

ఎందుకంటే దూరపు విమానాన్ని నింపేది నగరం ఒక్కటే కాదు. రాజమహేంద్రవరంలో సాయంత్రం చెక్ఇన్ చేసిన సామాను మళ్లీ న్యూజెర్సీలోనే చేతికి రావాలి. శంషాబాద్‌లో మధ్యలో మూడు గంటలకు మించి ఆగకూడదు. రెండు టికెట్లు వేర్వేరుగా కొనుక్కుని, ఒకటి ఆలస్యమైతే రెండోది పోతుందేమోనని భయపడే పరిస్థితి ఉండకూడదు. దుబాయ్ నలభై ఏళ్లుగా చేస్తున్నది ఇంతే. మన పౌర విమానయాన శాఖకు ఇప్పుడు శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు మంత్రి. గల్ఫ్ దేశాలు మరిన్ని సీట్లు అడుగుతున్న ప్రతి చర్చలోనూ ఆయన బల్లకు ఇటువైపు ఉంటారు. సీట్లు ఇవ్వకుండా ఎల్లకాలం ఆపడం ప్రయాణికుడికి మేలు కాదు, టికెట్ ధరలు పెరుగుతాయి. ఒకేసారి తలుపులు తెరిచేస్తే ఇప్పుడే వీధిలోకి అడుగుపెట్టిన మన సంస్థలు కోలుకోవు. వైడ్‌బాడీలు వచ్చే వరసను బట్టి, ఏడాదికేడాది కొంత చొప్పున సడలిస్తూ, ప్రతి సడలింపుకు బదులుగా హైదరాబాద్ లాంటి నగరాల నుంచి మన సంస్థలు దూరపు సర్వీసు మొదలుపెట్టేలా షరతు పెట్టడం సాధ్యమే. ఇండిగో ఏ350లు చేతికందే ముందే ఆ సడలింపుల పట్టిక సిద్ధం కావాలి.